ఎఫ్10 కొట్టాక ఏ ఫోల్డర్‌లో తేలాం? పర్లాకిమిడి ప్రెస్సులో ఒక కేస్ స్టడీ

మాఘమాసం, పెళ్ళిళ్ల రద్దీ. రాత్రి తొమ్మిదిన్నరకు ప్రెస్సు నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ తెలుగు కంపోజింగ్ చూసే పెద్దాయన, నేను మావయ్యా అని పిలుస్తాను. గొంతు వణుకుతోంది.

"బాబూ, ఏటో అయిపోనాది. కమాండర్‌లో పెళ్లి ఫోల్డర్‌కి ఎల్లి, ఎఫ్10 కొట్టి బయటికొచ్చి, ఎప్పట్లాగే చిన్న అని కొట్టినాను. మాస్టర్ స్కాన్లన్నీ చిన్నవైపోనాయి."

కమాండర్ అంటే ఫైళ్లు, ఫోల్డర్లు చూసుకునే మిడ్‌నైట్ కమాండర్ అనే ప్రోగ్రామ్. ఎఫ్10 దాన్ని మూసే మీట. 'చిన్న' అనేది నేను రాసిచ్చిన స్క్రిప్టే, అంటే ఒక్క మాటతో వరసగా నడిచే కమాండ్ల జాబితా. నిలబడి ఉన్న ఫోల్డర్‌లోని టిఫ్ ఫైళ్లన్నిటినీ తక్కువ సైజు జేపెగ్‌లుగా మార్చి, ఆపైన టిఫ్‌లను తీసేస్తుంది. పెళ్లి కార్డు ప్రూఫు వాట్సాప్‌లో పంపడానికి అదే వాడతారు. ఆ రాత్రి అది పెళ్లి ఫోల్డర్‌లో కాకుండా, అసలు స్కాన్లు దాచే మాస్టర్ ఫోల్డర్‌లో నడిచింది. 62 టిఫ్‌లు పోయాయి. రాత్రి ఒంటిగంటకు ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో తీసే బ్యాకప్ ఉండబట్టి 58 తిరిగొచ్చాయి. మిగతా 4 ఆ రోజు మధ్యాహ్నం స్కాన్ చేసినవి. ఒక కుటుంబంలో తాతముత్తాతల ఫొటోలు, అప్పటికే వాళ్లకి తిరిగిచ్చేశారు. మర్నాడు ప్రెస్సు కుర్రాడు గుణుపురం రైలెక్కి వెళ్లి, ఆ ఫొటోలు బతిమాలి మళ్లీ తెచ్చాడు.

ఈ పొరపాటు మావయ్యది కాదు. అదే వేళ్ల అలవాటుతో ఆయన పదేళ్లుగా పనిచేస్తున్నారు. పాత మెషీన్‌లో ఎఫ్10 కొడితే ఏ ఫోల్డర్ చూస్తున్నారో అందులోనే తేలేవారు. రెండు వారాల కిందట నేను మార్చిన కొత్త మెషీన్‌లో అలా జరగలేదు. అందుకే ఈ కేసు మొత్తం రాసి పెడుతున్నాను. కమాండ్లను ఫోన్‌లో చెప్పేటప్పుడు ఎలా పలుకుతామో అలాగే రాస్తున్నాను. ఈ ప్రాంతంలో నా సపోర్టులో సగం ఫోన్ మీదే నడుస్తుంది.

ముందు అక్కడి ఏర్పాటు చెప్పాలి. పాతపట్నం దాటి మహేంద్రతనయ అవతలికి వెళితే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పటి నుంచి ఊరు అటువైపు ఉంది. మాట మాత్రం రెండు వైపులా నడుస్తుంది. ప్రెస్సులో తెలుగు కార్డులూ ఒడియా కార్డులూ సమానంగా పడతాయి. ఫైళ్లన్నీ డెబియన్ 12 అనే లినక్స్ నడిచే ఒక మెషీన్‌లో ఉంటాయి. ఒడియా కంపోజింగ్ చేసే అమ్మాయి ఆ మెషీన్ ముందే కూర్చుని, డెస్క్‌టాప్‌లో టెర్మినల్, అంటే కమాండ్లు కొట్టే కిటికీ, తెరుచుకుంటుంది. మావయ్య పక్క గదిలో విండోస్ కంప్యూటర్ నుంచి పుట్టీ అనే ప్రోగ్రామ్‌తో నెట్‌వర్క్ మీద అదే మెషీన్ లోపలికి వస్తారు. ఇద్దరూ వాడేది మిడ్‌నైట్ కమాండర్. మావయ్య డాస్ రోజుల్లో నార్టన్ కమాండర్ మీద చెయ్యి తిరిగిన మనిషి. ఎఫ్5 అంటే కాపీ, ఎఫ్6 అంటే తరలింపు ఆయన వేళ్లలోనే ఉన్నాయి. 1994లో మిగెల్ దె ఇకాసా మొదలుపెట్టిన ఈ మిడ్‌నైట్ కమాండర్, అంటే ఎంసీ, అవే మీటలను నిలబెట్టింది. ఆ ఒక్క కారణం చాలు, ఆయనకి ఇంకేదో కొత్త ఫైల్ మేనేజర్ నేర్పించాలని నేను ఎప్పుడూ అనుకోలేదు.

మొదటి రోజు వెళ్లగానే నాకు చెప్పిన కారణం ఇది: "ఒడియా ఫోల్డర్లలో బాగానే పనిచేస్తాది బాబూ, తెలుగు పేర్లున్న ఫోల్డర్లతోనే వస్తాది తంటా." ఒడియా అమ్మాయి కూడా అవునంది. తనకి ఒక్కసారి కూడా ఈ సమస్య రాలేదట. ఓనరు గారు అప్పటికే ఫోల్డర్ల పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చేద్దామని నిర్ణయానికి వచ్చేశారు.

నేను దానికి ఒప్పుకోలేదు. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో, తెలుగు పేరు పెడితే కంప్యూటర్ పనిచేయదన్న మాట ఒకసారి నాటుకుంటే మళ్లీ పోదు. నిజంగా తెలుగే కారణమైతే రుజువు చూసి ఒప్పుకుందామనుకున్నాను.

రుజువు చూడటం కష్టం కాదు. లినక్స్‌కి ఫోల్డర్ పేరు అంటే బైట్ల వరస. అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరం ఒక్కోటి 3 బైట్లు, ఒడియా అక్షరమూ 3 బైట్లే. భాష సెట్టింగు అయిన లొకేల్‌ని 'సీ' చేసి, ఫైళ్ల జాబితా చూపే ఎల్ఎస్‌కి మైనస్ బీ ఇస్తే పేర్లు అక్షరాలుగా కాకుండా ఆక్టల్ (ఎనిమిది ఆధారంగా లెక్కించే) అంకెలుగా కనబడతాయి. తెలుగు 'క' 340, 260, 225. ఒడియా 'క' 340, 254, 225. నడుమ ఉన్న ఒక్క బైటే తేడా. భారతీయ లిపుల పాత కోడ్ అయిన ఐస్కీ నుంచి వచ్చిన పద్ధతిలో యూనికోడ్ మన లిపులన్నిటినీ ఒకే క్రమంలో పేర్చడం వల్ల ఇలా ఉంటుంది. నడుమ బైటు 254 అయితే దారి దొరికి, 260 అయితే దారి తప్పే ప్రోగ్రామ్ ఏదీ లేదు. టెర్మినల్‌లో తెలుగు ఒత్తులు చెదిరి కనబడతాయి, చూడటానికి బాధగా ఉంటుంది, నిజమే. కానీ చెదిరేది బొమ్మ మాత్రమే. పేరు చెక్కుచెదరదు.

మరి ఒడియాలో ఎందుకు పనిచేస్తోంది? ఒక్క పరీక్షతో తేలిపోయింది. అమ్మాయిని మావయ్య కుర్చీలో కూర్చోబెట్టి, పుట్టీ నుంచి ఒడియా ఫోల్డర్‌లోకి వెళ్లి ఎఫ్10 కొట్టమన్నాను. మొదలుపెట్టిన చోటికే వచ్చింది. మావయ్యని డెస్క్‌టాప్ ముందు కూర్చోబెట్టి తెలుగు ఫోల్డర్‌లోకి వెళ్లమన్నాను. సరిగ్గా తెలుగు ఫోల్డర్‌లోనే తేలారు. తేడా భాషలో లేదు, కుర్చీలో ఉంది. ఓనరు గారు పేర్లు మార్చే ఆలోచన అప్పుడే వదిలేశారు. ఆ రోజు నాకు అన్నిటికన్నా సంతోషం కలిగించిన విషయం అదే.

అసలు కష్టం ఎక్కడంటే

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. ఇది తెలియకపోతే ఆ తర్వాత చేసిన పనులన్నీ గుడ్డిగా చేసినట్టు అనిపిస్తాయి.

నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌కి, అంటే ప్రాసెస్‌కి, తనదంటూ ఒక ప్రస్తుత ఫోల్డర్ ఉంటుంది. సిస్టమ్‌కి గుండె లాంటి కెర్నెల్ దాన్ని ప్రాసెస్ ఖాతాలో రాసి పెడుతుంది. మనం కొట్టే కమాండ్లు అందుకుని నడిపే షెల్ నుంచి ఎంసీని నడిపితే ఎంసీ ఆ షెల్‌కి పిల్ల ప్రాసెస్. పుట్టేటప్పుడు తల్లి ఎక్కడుందో అక్కడే ఉంటుంది, ఆపైన తన ఇష్టం వచ్చిన చోటికి తిరుగుతుంది. అది ఎన్ని ఫోల్డర్లు తిరిగినా తల్లి నిలబడ్డ చోటు మారదు. కొడుకు బరంపురం వెళ్లినంత మాత్రాన ఇంట్లో ఉన్న తండ్రి బరంపురం చేరడు కదా.

లినక్స్‌కి మూలరూపమైన యూనిక్స్ పుట్టిన రోజుల్లోనే ఈ దెబ్బ తగిలింది. పీడీపీ-7 అనే పాత కంప్యూటర్ మీద ప్రాసెస్‌లను విడదీసే పద్ధతి పెట్టిన కొత్తలో, ఫోల్డర్ మార్చే సీహెచ్‌డిర్ కమాండు ఉన్నట్టుండి పనిచేయడం మానేసిందని యూనిక్స్ కర్తల్లో ఒకడైన డెన్నిస్ రిచీ 1979లో రాశాడు. అప్పటిదాకా అదొక మామూలు కమాండు. కొత్త పద్ధతిలో అది వేరే ప్రాసెస్‌గా పుట్టి, తన ఫోల్డర్ తాను బుద్ధిగా మార్చుకుని, వెంటనే చచ్చిపోయేది. షెల్ ఉన్నచోటే ఉండేది. అందుకే దాన్ని షెల్ లోపలి కమాండుగా చేర్చుకోవాల్సి వచ్చింది. ఈనాడు ఫోల్డర్ మార్చే సీడీ కమాండు షెల్ లోపల ఉండటానికి కారణం అదే.

కాబట్టి ఏ ఫైల్ మేనేజర్ అయినా తన షెల్‌ని సొంతంగా వేరే ఫోల్డర్‌కి తీసుకెళ్లలేదు. చేయగలిగింది ఒక్కటే: వెళ్లిపోతూ ఒక చీటీ రాసి పెట్టడం. "నేను చివరగా ఇక్కడున్నాను." షెల్ ఆ చీటీ చదువుకుని తనే సీడీ చేసుకోవాలి. షెల్ ఇంటిగ్రేషన్ అని పెద్ద పేరు పెట్టిన పని ఇంతే. ఎంసీలో ఆ చీటీ పేరు చెప్పడానికి మైనస్ పెద్ద పీ ఉంది. ఇతర ఫైల్ మేనేజర్లయిన రేంజర్‌లో చూజ్‌డిర్, ఎల్ఎఫ్‌లో లాస్ట్-డిర్-పాత్, యాజీలో సీడబ్ల్యూడీ-ఫైల్ అనే ఆప్షన్లు ఉన్నాయి. ఎన్ఎన్ఎన్ ఒక్కటి కాస్త వేరు: అది చీటీలో వట్టి దారి కాకుండా సీడీ కమాండే రాసిస్తుంది, షెల్ దాన్ని అలాగే నడుపుకుంటుంది. ఎంసీకి ఆ చదివే పని చేసే చిన్న స్క్రిప్టు ప్యాకేజీతోనే వస్తుంది, పేరు ఎంసీ-ర్యాపర్. డెబియన్‌లో యూఎస్ఆర్, లిబ్, ఎంసీ అనే దారిలో ఉంటుంది. ఫెడోరాలో లిబ్ బదులు లిబ్‌ఎగ్జెక్.

ఫైల్ మేనేజర్ ఏదైనా సరే, "బయటికొస్తే పాత చోటే" అన్న ఫిర్యాదు వస్తే నేను అడిగేవి మూడే. చీటీ రాశారా? రాసింది ఉందా? చదివింది ఎవరు?

మొదటి రోజు: పిలిస్తే పలికింది ఎవరు

పుట్టీలో టైప్ ఎంసీ అని కొట్టాను. టైప్ అనేది ఒక పేరు పిలిస్తే షెల్ దేన్ని నడుపుతుందో చెప్పే లోపలి కమాండు. జవాబు: ఎంసీ అంటే యూఎస్ఆర్ బిన్‌లో ఉన్న ప్రోగ్రామే. అదే డెస్క్‌టాప్‌లో కొడితే, ఎంసీ అనేది ఏలియాస్ (ఇంకో కమాండుకి పెట్టిన మారుపేరు) అని, అది ర్యాపర్‌ని పిలుస్తోందని వచ్చింది. అంటే పుట్టీ నుంచి వచ్చినప్పుడు చీటీ రాయమని అడిగిన వాళ్లే లేరు.

ఏలియాస్‌ని నేను బ్యాష్‌ఆర్‌సీ ఫైల్లో పెట్టాను. ఇక్కడి షెల్ పేరు బ్యాష్, అది మొదలయ్యేటప్పుడు చదివే ఫైలు అది. డెస్క్‌టాప్‌లో తెరిచే టెర్మినల్ మామూలు షెల్, అది నేరుగా బ్యాష్‌ఆర్‌సీ చదువుతుంది. పుట్టీతో వచ్చేది లాగిన్ షెల్. అది ముందు బ్యాష్_ప్రొఫైల్ కోసం, లేకపోతే బ్యాష్_లాగిన్ కోసం, అదీ లేకపోతే ప్రొఫైల్ కోసం చూస్తుంది. మూడింటిలో మొదట దొరికిన ఒక్కదాన్నే చదువుతుంది. డెబియన్ ఇచ్చే ప్రొఫైల్ ఫైల్లో "బ్యాష్‌ఆర్‌సీ కూడా చదువు" అనే వరస ఉంటుంది కాబట్టి మామూలుగా ఇబ్బంది రాదు. ఇక్కడ మాత్రం హోమ్ ఫోల్డర్‌లో కొత్తగా ఒక బ్యాష్_ప్రొఫైల్ కనబడింది, లోపల రెండే రెండు వరసలు. అంతకుముందు వారం వేసిన ఒక టూల్ ఇన్‌స్టాలర్ తన పాత్ (ప్రోగ్రామ్‌లు వెతికే దారి) చేర్చుకోవడానికి దాన్ని సృష్టించింది. అది పుట్టగానే ప్రొఫైల్ మరుగున పడింది, దానితో బ్యాష్‌ఆర్‌సీ కూడా.

ఇది ఎంతసేపైనా తిప్పించే రకం సమస్య. ఎర్రర్ రాదు. ఎంసీ తెరుచుకుంటుంది, పనిచేస్తుంది. ఏలియాస్ లేదన్న సంగతి ఎఫ్10 కొట్టాకే తెలుస్తుంది, అదీ ప్రాంప్ట్, అంటే కమాండు కొట్టే చోట ముందు కనబడే ఫోల్డర్ పేరు, చూసే అలవాటు ఉంటేనే. ఎదురుగా ఉన్నది ఏ రకం షెల్లో తెలియకపోతే ఎకో డాలర్ సున్నా అని కొట్టి చూడండి. బ్యాష్ ముందు చిన్న గీత ఉంటే అది లాగిన్ షెల్. లేదా షాప్ట్ లాగిన్_షెల్ అని కొడితే ఆన్ అనో ఆఫ్ అనో చెబుతుంది.

బ్యాష్_ప్రొఫైల్‌లో ఆ రెండు వరసల పైన "ప్రొఫైల్‌ని చదువు" అని ఒక్క వరస చేర్చాను. పుట్టీ మూసి మళ్లీ తెరిస్తే టైప్ ఎంసీకి ఏలియాస్ అనే జవాబు వచ్చింది. ఒకసారి తిరిగి చూశాను, ఎఫ్10 కొడితే సరైన చోటే. ఇంటికి వచ్చేశాను.

రెండో రోజు: చుక్క

మర్నాడు పదకొండు గంటలకే మళ్లీ ఫోన్. "బాబూ, మొదటికే వచ్చినాది."

వెళ్లి చూస్తే టైప్ ఎంసీ ఏలియాస్ అనే చెబుతోంది, దారి కూడా సరైనదే. షెల్‌లో సెట్ మైనస్ ఎక్స్ లాగా అడుగడుగూ చూపించే పద్ధతిలో ర్యాపర్‌ని నడిపాను. ఎంసీ స్క్రీను పోయాక చివరి వరసలు మిగిలాయి: చీటీ చదివింది, అందులో పెళ్లి ఫోల్డర్ దారి ఉంది, సీడీ చేసింది, చీటీ తీసేసింది. అన్నీ సక్రమం. కిందనే ప్రాంప్ట్ మాత్రం హోమ్ ఫోల్డర్ చూపిస్తోంది. సీడీ జరిగినట్టు కళ్లెదుట రాసి ఉంది, ఫోల్డర్ మారలేదు.

పది నిమిషాలు ఆ స్క్రీను వైపే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఏలియాస్ వరసని అక్షరం అక్షరం చదివాను. నేను రాసినప్పుడు ర్యాపర్ దారికి ముందు ఒక చుక్క, ఒక ఖాళీ ఉండాలి. ఇప్పుడు చుక్క స్థానంలో ఎస్‌హెచ్ అని ఉంది.

ప్రెస్సులో ఉండే కుర్రాడు కంప్యూటర్ మీద శ్రద్ధ ఉన్నవాడు. ముందు రోజు నేను చేసింది చూశాడు. సాయంత్రం ఫైలు తెరిచి, ఆ చుక్క పొరపాటున పడిందనుకుని, స్క్రిప్టుని ఎస్‌హెచ్‌తో నడపాలని ఎక్కడో చదివింది గుర్తొచ్చి సరిచేశాడు. అతన్ని నేను ఒక్క మాట కూడా అనలేదు. అచ్చు చూసే కంటికి ఆ చుక్క అచ్చుతప్పులాగే కనబడుతుంది. అది ఎందుకుందో చెప్పకుండా వెళ్లింది నేను.

చుక్క అంటే: ఈ స్క్రిప్టుని వేరే ప్రాసెస్‌గా పుట్టించకు, నువ్వే, ఈ షెల్లే, వరస వరసా చదివి నడుపు. ఎస్‌హెచ్ అంటే: ఇంకో షెల్‌ని పుట్టించి దానితో నడిపించు. ఎస్‌హెచ్‌తో నడిపినప్పుడు చీటీ రాసింది ఎంసీ, చదివింది కొత్తగా పుట్టిన షెల్. సీడీ చేసింది కూడా ఆ కొత్త షెల్లే. చేసి చచ్చిపోయింది. రిచీ చెప్పిన సీహెచ్‌డిర్‌కి పట్టిన గతే. అందుకే ట్రేస్‌లో అన్నీ సక్రమంగా కనబడ్డాయి, అక్కడ అబద్ధమేమీ లేదు. చదవాల్సిన మనిషి కాకుండా ఇంకొకరు చీటీ చదివారు, అంతే.

చుక్క తిరిగి పెట్టి, పైన తెలుగులో ఒక కామెంటు వరస రాశాను: "ఈ చుక్క తీయవద్దు. ఇది తీస్తే ఎఫ్10 పాత చోటికే వెళ్తుంది." కుర్రాడికి టెర్మినల్‌లో రెండు రకాలుగానూ నడిపి చూపించాను. రెండు షెల్‌ల ప్రాసెస్ నంబర్లు వేరుగా రావడం చూసి వాడే అన్నాడు, "ఓహో, ఇద్దరు మనుషులా అన్నా."

మూడో కారణం: ఖాళీ చీటీ

నాలుగు రోజులు బాగానే నడిచింది. ఐదో రోజు మావయ్య ఫోన్‌లో చెప్పిన మాట కొత్తగా ఉంది: "ఒకసారి వస్తాది, ఒకసారి రాదు." అప్పుడప్పుడూ వచ్చే సమస్య అంటే నాకు టెన్షనే. కానీ ఆయన ఇంకో మాట చేర్చారు, అదే దారి చూపింది: "మధ్యాహ్నం పెద్ద స్కాన్లు మార్చినాక మొదలైనాది."

ఫోన్‌లోనే చీటీ చేత్తో రాయించాను. ఎంసీకి మైనస్ పెద్ద పీ ఇచ్చి, తాత్కాలిక ఫైళ్లు ఉండే టెంప్ ఫోల్డర్‌లో కొత్త పేరు ఒకటి చెప్పి, లోపల ఎక్కడికో వెళ్లి ఎఫ్10 కొట్టమన్నాను. తర్వాత ఫైలు లోపల ఏముందో చూపే క్యాట్‌తో ఆ ఫైలు చూడమన్నాను. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఆ పేరుతో అప్పటికే ఫైలు ఉంటే ఎంసీ దాని మీద రాయదు, కాబట్టి ప్రతిసారీ కొత్త పేరు ఇవ్వాలి. ఎంసీ దారి చివర కొత్త వరస వేయదు, కాబట్టి క్యాట్ చేస్తే దారి, ప్రాంప్ట్ అతుక్కుని కనబడతాయి. అది తప్పు కాదు.

మావయ్య చెప్పింది: "ఏటీ లేదు బాబూ. ఖాళీ."

ఫైలు ఉంది, లోపల సున్నా బైట్లు. చోటు ఎంత నిండిందో చెప్పే డీఎఫ్ కొట్టించాను: టెంప్ 100 శాతం. కొత్త మెషీన్‌లో వేగం కోసమని టెంప్‌ని నేనే మెమరీలో పెట్టాను, 512 ఎంబీ హద్దుతో. 'చిన్న' స్క్రిప్టు బొమ్మలు మార్చే ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్రోగ్రామ్‌తో నడుస్తుంది. బొమ్మ పెద్దదై మెమరీ హద్దు దాటితే ఇమేజ్‌మ్యాజిక్ టెంప్‌లో పెద్ద ఫైళ్లు పెట్టుకుంటుంది, పని మధ్యలో బలవంతంగా ఆపేస్తే అవి అక్కడే మిగిలిపోవచ్చు. ఆలస్యమవుతోందని ఎవరో బలవంతంగా ఆపేసినప్పుడల్లా ఒక్కో ఫైలు మిగిలింది. టెంప్ నిండాక ఎంసీ చీటీ అనే ఫైలుని సృష్టించగలిగింది గానీ అందులో ఒక్క అక్షరం రాయలేకపోయింది. ర్యాపర్ చీటీ చదివి, ఖాళీగా ఉంటే ఏమీ చేయకుండా ఊరుకుంటుంది. అలా చేయడం సరైనదే, ఖాళీ చీటీ నమ్మి, దారి ఇవ్వకుండా సీడీ చేస్తే హోమ్‌కి వెళ్లిపోయేది. కానీ ఊరుకునేటప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే మాకు ఒక రోజు మిగిలేది.

టెంప్‌ని మళ్లీ డిస్కు మీదికి మార్చాను. ఇమేజ్‌మ్యాజిక్ తాత్కాలిక ఫైళ్లకి వేరే ఫోల్డర్ చూపించాను. వేగం కోసం నేను చేసిన మార్పు అవసరం లేనిది. ఆ ఫైళ్ల సైజు ముందే కొలిచి ఉంటే చేసేవాణ్ణి కాదు.

కనబడని అక్షరం

చివరి ఫిర్యాదు విన్నప్పుడు నాకు ముందు నమ్మబుద్ధి కాలేదు. "ఫోల్డర్‌లోకి సరిగ్గానే వచ్చినాది. ఫైళ్లే లేవు."

ఈసారి ఎంసీ, ర్యాపర్, చుక్క, టెంప్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ప్రాంప్ట్‌లో ఫోల్డర్ పేరు 'పెళ్లి కార్డ్‌లు'. మావయ్య వెతుకుతున్న ఫోల్డర్ పేరూ అదే. ఎంసీలో ఒక మెట్టు పైకి వెళ్లి చూస్తే జాబితాలో ఆ పేరు రెండుసార్లు ఉంది. ఒకే చోట ఒకే పేరుతో రెండు ఫోల్డర్లు ఉండటం కుదరని పని.

లొకేల్ సీ, ఎల్ఎస్ మైనస్ బీ. ఆక్టల్ అంకెల రెండు వరసలు ఒకదాని కింద ఒకటి పడ్డాయి. వేలు పెట్టి మూడేసి బైట్లుగా లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. డ, పొల్లు దాకా రెండూ ఒకటే. ఆ తర్వాత ఒకదానిలో 342, 200, 214 ఉంది. రెండోదానిలో లేదు, నేరుగా ల మొదలైంది.

అది జీరో విడ్త్ నాన్ జాయినర్. పొల్లు కింద తర్వాతి అక్షరం ఒత్తుగా చేరకుండా ఆపే అక్షరం. తెలుగులో ఇంగ్లీషు మాటలు రాసేవాళ్లందరం రోజూ తెలియకుండానే దీన్ని వాడుతుంటాం. మావయ్య విండోస్ కీబోర్డులో అది పడుతుంది. కుర్రాడు ఫోన్ నుంచి పంపిన ఫోల్డర్ పేరులో అది పడలేదు. విండోస్‌లో చూస్తే ఒకటి 'కార్డ్‌లు', రెండోది 'కార్డ్లు', తేడా కంటికి తెలుస్తుంది. మా టెర్మినల్ ఎలాగూ ఒత్తులు సరిగ్గా కట్టదు కాబట్టి అక్కడ రెండూ ఒకేలా పొల్లుతో కనబడ్డాయి. పెళ్లి, పెళ్ళి అని రెండు రకాలుగా రాసినా కళ్లకి దొరుకుతుంది. ఇది అస్సలు దొరకదు.

మొదటి రోజు తెలుగు పేర్ల మీద వచ్చిన అనుమానానికి ఇక్కడ కొంత ఊతం దొరికినట్టు కనబడవచ్చు. ఓనరు గారు ఆ మాట అన్నారు కూడా. నా సమాధానం ఆ రోజు చెప్పిందే. ఫైల్ మేనేజర్ ఏ ఫోల్డర్‌లో ఉందో బైటు తేడా లేకుండా చీటీలో రాసింది, షెల్ అక్కడికే వెళ్లింది. రెండు ఫోల్డర్లు పుట్టింది రెండు కీబోర్డుల వల్ల. పేరు చేత్తో కొట్టి సీడీ చేస్తేనే అసలు తప్పు చోటికి వెళ్లే ప్రమాదం ఉంది. ఎంసీలో ఎంచుకుని వెళితే లేదు.

ఇంకో మాట, ఓనరు గారి అబ్బాయి సెలవులకు వచ్చి తన ఖాతాలో ఎల్ఎఫ్ వాడుకుంటున్నాడు. చీటీ చదివే ఫంక్షన్ తనే రాసుకున్నాడు. 'పెళ్లి కార్డ్‌లు'లో ఖాళీ ఉంది కదా, కొటేషన్ గుర్తులు లేకుండా సీడీకి ఇచ్చేసరికి "ఆర్గ్యుమెంట్లు ఎక్కువయ్యాయి" అని బ్యాష్ తిట్టింది. రెండు కొటేషన్ గుర్తులతో సరిపోయింది. ఎర్రర్ వచ్చే సమస్యలు ఇలా సులువుగా పోతాయి.

ఫోల్డర్ల సంగతి తేలినా, నా మనసులో మొదటి రాత్రి పోయిన 62 స్కాన్లే ఉన్నాయి. చీటీ పద్ధతి ఎంత బాగు చేసినా మరో రోజు మరో కారణంతో తప్పుతుంది. తప్పినప్పుడు ఫైళ్లు పోకూడదు. మాస్టర్ ఫోల్డర్‌ని కంపోజింగ్ ఖాతాలకి చదవడానికే వదిలి, రాసే హక్కు స్కానింగ్ ఖాతాకి మాత్రం ఇచ్చాను. 'చిన్న' ఇప్పుడు ముందుగా తానున్న ఫోల్డర్ పేరు, అందులోని టిఫ్‌ల సంఖ్య పెద్దగా చూపించి, ఎంటర్ కొట్టే దాకా ఆగుతుంది. టిఫ్‌లను తీసేయకుండా 'పాతవి' అనే ఉపఫోల్డర్‌లోకి జరుపుతుంది.

రెండు 'పెళ్లి కార్డ్‌లు' ఫోల్డర్లను కలిపే ముందు, ఏ పేరు ఉంచాలని మావయ్యని అడిగాను. ఆయన విండోస్ స్క్రీనులో రెండు పేర్లనూ కాసేపు చూసి, ఒత్తు పడకుండా విడిగా ఉన్నదాన్ని ఎంచుకున్నారు. ఫైళ్లన్నీ అందులోకి ఎఫ్6తో ఆయనే తరలించారు. రెండో ఫోల్డర్ ఖాళీ అయిందని నాకు చూపించి, ఎఫ్8 కొట్టి తీసేశారు.